ఎల్సీ ముఖం

"నీ చెయ్యి ఒక్కసారైనా వణకలేదటగా," అంది అత్తగారు ఆల్వీనా.

హుల్డా పచ్చి బంగాళాదుంపలు తురుముతోంది. ఆదివారం చర్చి నుంచి వచ్చీ రాగానే నీళ్లలో ఉడికించే ఉండల పని మొదలవ్వాలి. తురుమంతా గుడ్డలో మూటగట్టి, నీరు పోయేదాకా మెలితిప్పి పిండాలి. కాస్త తడి మిగిలినా ఉండలు నీళ్లలో విడిపోతాయి, విడిపోతే ఆ మాట వారమంతా వినాలి.

"ఎవరన్నారు?"

"ఎవరంటే ఏముందిలే, ఊరంతా అంటోంది. ఆ బొమ్మ తలల పళ్లెం మొదటిసారి నీ ముందు పెట్టినప్పుడు మిగతా ఆడవాళ్లు కుంచెలు కింద పెట్టి నిన్నే చూశారట. నువ్వేమో మామూలుగా రంగు కలుపుకుని కళ్లు దిద్దుకుంటూ పోయావట. నేనైతే అక్కడే కుప్పకూలిపోయేదాన్ని."

"ఇంకో రెండు దుంపలు తురమనా అత్తయ్యా?"

ఆల్వీనా కోడలి వంక ఒక చూపు చూసి, "రాయి" అనుకుంది, పైకే. హుల్డాకు ఆ మాట వినిపించింది. కానీ ఎక్కడా తగల్లేదు. తగలడానికి లోపల చోటేదో ఉండాలి కదా, ఆ చోటు ఎటుపోయిందో ఆమెకే తెలియదు. ఫిబ్రవరి నుంచీ ఇంతే. ఎవరేమన్నా పక్కింట్లో ఎవరినో అంటున్నట్టుంటుంది. తనే దుంపలు తురుముతుంది, తనే ఆ తురిమే చేతుల్ని చూస్తుంటుంది. శవపేటికను దించుతున్నప్పుడు కూడా, తాళ్లు పాతబడ్డాయి, తెగుతాయేమో అనుకుంది గానీ మరేమీ అనుకోలేదు. ఆ రోజు ఆమె కళ్లు పొడిగా ఉండటం ఊళ్లో ప్రతివాళ్లూ చూశారు.

హుల్డా పెద్దకూతురు ఎల్సీ పోయింది, గొంతు మూసేసే కంఠసర్పితో. ఆరేళ్ల పిల్ల. అంతకు ముందటి నవంబరులో వాళ్ల నాన్న ఆ పిల్ల ముఖాన్ని మట్టితో చేశాడు.

హుల్డా మొగుడు ఎవాల్డ్ పింగాణీ బొమ్మల ఫ్యాక్టరీలో, అచ్చుల గదిలో పనివాడు. ఇతరులు చేసిన తలలకు అచ్చులు తీయడమే పని. తల చెయ్యడం తన పని కావాలని అతని కోరిక. ఆ ఏడు బొమ్మల వ్యాపారానికి పేరున్న సోన్నెబెర్గ్‌కు వచ్చే వర్తకులందరిదీ ఒకటే పాట: దేవకన్యల్లాంటి గుండ్రటి ముఖాలు చాలు, నిజం పిల్లల్లాంటి బొమ్మలు కావాలి అని. అది విన్న ఎవాల్డ్ ఫ్యాక్టరీ నుంచి మట్టి తెచ్చుకుని, వంటింటి కిటికీ దగ్గర ఎత్తు పీట వేసి, ఎల్సీని కూర్చోబెట్టాడు. అప్పటికి పిల్లకు పైవరుసలో రెండు పళ్లు ఊడి ఉన్నాయి. నాన్న తనను చూస్తున్నాడన్న సంబరంతో అది పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది.

"నోరు ముయ్యి. ఆ సందు కనబడితే బొమ్మ ఎవడు కొంటాడు?" అన్నాడు.

ఎల్సీ నోరు మూసింది. ఆ సందు ఎక్కడ కనబడుతుందోనని పెదాలు బిగించింది. కదలకు అన్నాడు, కదల్లేదు. ఒంటికి వెళ్లాలని ఉన్నా చెప్పలేదు. చివరికి ఏడుపొచ్చినా ఏడిస్తే ముఖం పాడవుతుందని, కింది పెదవి కొంచెం ముందుకు తోసి, ఆ ఏడుపును అక్కడే నిలబెట్టుకుంది. ఎవాల్డ్ చేతులు చకచకా కదిలాయి ఆ క్షణాన్నే. "అదీ! అదీ! అలాగే ఉండు!" అని ఎంత ముద్దుగా అన్నాడో! పొయ్యి దగ్గర నిలబడి చారు కలుపుతున్న హుల్డా, పిల్లను దింపు అందామనుకుంది. అతన్ని అంత ఆనందంగా చూసి ఎన్నాళ్లో అయిందని ఊరుకుంది.

ఫ్యాక్టరీ యజమాని ఆ తలను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడట. "ప్రాణం ఉందయ్యా దీంట్లో" అన్నాడట. ఆ మాటను ఎవాల్డ్ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఈస్టరు సంతలో బెర్లిన్ కొట్లవాళ్లు ఎగబడి అడిగారు. దానికి 'అలిగిన పిల్ల' అని పేరు పెట్టారు. మెడ వెనక వేసిన అంకె ఏడు వందల ముప్పయ్యొకటి. అయితే హుల్డా పనిచేసే రంగుల గదిలో ఎవరూ అంత పొడుగు అంకె చెప్పరు. "ముప్పయ్యొకట్లు వచ్చాయి, ఎవరికి?" అని మేస్త్రీ గుమ్మంలోంచి కేక వేస్తాడు. కళ్లూ పెదాలూ దిద్దేది హుల్డాయే కాబట్టి ఆ పళ్లెం ఆమె బల్ల మీదికే వస్తుంది.

మెరుపులేని తెల్లటి పింగాణీ తలలు, జుట్టు లేకుండా, పైభాగం కోసేసి, పళ్లెంలో వరసగా, అన్నీ కింది పెదవి ముందుకు తోసుకుని. మొదటి రోజు బుగ్గలకు రంగులద్దే సెల్మా ఆమె మోచెయ్యి పట్టుకుంది. "ఆ పళ్లెం నాకిచ్చెయ్ హుల్డా. మేస్త్రీతో నేను చెప్తాలే."

"ఎందుకు?" అంది హుల్డా. నిజంగానే అడిగింది. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. సెల్మా చెయ్యి తీసేసి, ముక్కు చీదుకుని, తన బల్ల వైపు తిరిగింది. మిగతావాళ్లు చూస్తున్నారని హుల్డాకు తెలుసు. వాళ్లందరూ దేనికోసమో ఎదురుచూస్తున్నారు. ఆమె కూడా ఎదురుచూసింది. ఏమీ రాలేదు. కుంచె ముంచి మొదటి తల ఎడమ కన్ను దిద్దింది, తర్వాత కుడి కన్ను. పెదవి ఒక్క గీతలో రావాలి, వచ్చింది. పక్కన పెట్టి రెండో తల తీసుకుంది.

ఇంట్లో సాయంత్రాలు వేరే పని. ఫ్యాక్టరీ నుంచి బొమ్మల తోలు ఒళ్లు తెచ్చుకుని, వాటిలో రంపపు పొట్టు కూరి, కుట్టి, తిరిగి ఇవ్వాలి. ఇదివరకు అత్తగారితో కలిపి ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చునేవాళ్లు. ఈస్టరు తర్వాత ఎవాల్డ్ ఆ పని మానేశాడు. "ఈ పొట్టు గోళ్లలో ఇరుక్కుంటే మట్టి పని చెయ్యలేను. ఇవి ఇప్పుడు శిల్పి చేతులు," అని నవ్వుతూ చేతులు చూపించాడు. నిజంగానే అందమైన చేతులు. పొట్టు కూరే చేతులకీ కళ్లు దిద్దే చేతులకీ గిన్నెలు తోమే చేతులకీ ఏం పేరు పెట్టాలో ఎవరూ అడగలేదు. ఇంటికి ఎవరైనా వస్తే ఎవాల్డ్ అల్మారాలోంచి మొదటి తలను తీసి చూపిస్తాడు. "మా పిల్ల చావలేదు. జర్మనీ అంతటా ఉంది. అమెరికాకు కూడా వెళ్తోంది," అంటాడు. వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. తర్వాత హుల్డా వైపు తిరిగి, "నువ్వెంత అదృష్టవంతురాలివమ్మా, రోజూ దాన్ని చూసుకుంటున్నావు," అంటారు. ఆమె వాళ్లకు కాఫీ పోస్తుంది.

ఆ అదృష్టం ఏమిటో హుల్డాకు తెలిసింది జులైలో. చిన్నది ఫ్రీడాకు పెరట్లో తలంటుతోంది. నాలుగేళ్ల పిల్ల, సబ్బు కళ్లలోకి పోతోందని గింజుకుంటోంది. ఎల్సీకి తలంటినప్పుడు ఎలా ఉండేదో, అనుకుంది హుల్డా ఊరికే. ఎల్సీ ముఖం తలుచుకుంది. బొమ్మ ముఖం వచ్చింది. తెల్లగా, మెరుపు లేకుండా, తను దిద్దిన కళ్లతో, తను గీసిన పెదవితో. అది కాదు అనుకుని మళ్లీ తలుచుకుంది. మళ్లీ అదే వచ్చింది. ఇంకోవైపు నుంచి ప్రయత్నించింది. చలికి వాచి ఎర్రబడే పాదాలు వచ్చాయి. మెడ మీద ఉలెన్ గౌను గీరుకుని వచ్చిన దద్దుర్లు వచ్చాయి. మెట్లమీద పరుగెత్తే చప్పుడు కూడా వచ్చింది. అక్కడి నుంచి పైకి, ముఖం దాకా వెళ్లేసరికి ముప్పయ్యొకటి అడ్డంగా నిలబడింది. ఫోటో ఏదీ లేదు. బతికుండగా తీయించలేదు. పోయాక తీయిద్దామని ఆమె అంటే, "ఎందుకు? నేను చేసిందుండగా?" అన్నాడు ఎవాల్డ్. ఆ పెరట్లో, చేతులనిండా సబ్బు నురుగుతో, హుల్డా చాలాసేపు అలాగే నిలబడిపోయింది. "అమ్మా, మండుతోంది!" అని ఫ్రీడా అరిచేదాకా.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కన్నకూతురి ముఖం మర్చిపోయానని ఏ తల్లి చెప్పుకుంటుంది?

ఆ ఆదివారం ఉండలు విడిపోలేదు. ఎవాల్డ్ మూడోది పళ్లెంలో వేసుకుంటూ, అప్పుడే గుర్తొచ్చినట్టు అన్నాడు: "యజమాని నిన్న పిలిపించాడు. అలిగిన పిల్లకు చెల్లెలు కావాలట. నవ్వే పిల్ల. మన ఫ్రీడాను చెయ్యమన్నాడు. ఇది కూడా కుదిరితే నన్ను అచ్చుల గదిలోంచి తీసి పైన సొంత గది ఇస్తాడు."

"దేవుడు ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇస్తున్నాడు," అంది ఆల్వీనా, కొడుకు పళ్లెంలో మాంసం పులుసు పోస్తూ.

"ఇవ్వాళే మొదలెడదాం. వెలుతురు బాగుంది. హుల్డా, నువ్వు నా వెనకాల నిలబడి దాన్ని నవ్వించు, చాలు."

"నేనా?"

"మరి నేను నవ్విస్తూ ఎలా చెయ్యను? తల్లివి, ఆ మాత్రం చాతకాదా? నిన్నేం ఏడవమనడం లేదుగా, నవ్వించమంటున్నా."

ఆల్వీనా కిసుక్కున నవ్వింది. "అదొచ్చినా బావుణ్ను."

గిన్నెలు కడిగాక ఫ్రీడాకు ఎల్సీ గౌను తొడిగారు. భుజాలు జారిపోతుంటే ఆల్వీనా వెనకాల గుండుసూదులు పెట్టింది. ఎత్తు పీట కిటికీ దగ్గరికి వచ్చింది. హుల్డా మొగుడి వెనకాల నిలబడి, ఏం చెయ్యాలో తోచక, కట్టుకున్న ఆప్రాన్‌ను తలమీదికి లాక్కుని ముఖం దాచుకుంది. ఫ్రీడా పకపకా నవ్వింది.

"అదీ! అలాగే ఉంచు. నవ్వు అలాగే ఉంచు బంగారం, కదలకు."

ఫ్రీడా నవ్వు అలాగే ఉంచింది. కాసేపటికి నవ్వు పోయింది, నోరు మాత్రం అలాగే మిగిలింది. బుగ్గలు నొప్పెట్టి అదురుతున్నాయి. సూది గుచ్చుకుందేమో, ఒక భుజం కొంచెం పైకి లేచింది. కళ్లు మాత్రం నాన్న ముఖం మీదే ఉన్నాయి, సరిగ్గా చేస్తున్నానా లేదా అని అడుగుతూ. ఎవాల్డ్ బొటనవేళ్ల కింద మట్టిలో ఒక చెంప లేచింది. ఫ్రీడా చెంపే. ఎంత నేర్పు అతని చేతుల్లో! ఇంకో గంటయితే పెదాలు వస్తాయి. వారంలో అచ్చు వస్తుంది. ఆ తర్వాత పళ్లాలు వస్తాయి, నవ్వే తలలతో, వరసగా, తన బల్ల మీదికి.

అన్ని నెలలుగా హుల్డా ఒకదానికోసం కాచుకుని ఉంది. ఎప్పుడో ఒకనాడు ఏడుపు వస్తుందని, వచ్చాక తను మళ్లీ మనిషినవుతానని, అప్పుడు ఏదైనా అనొచ్చు, చెయ్యొచ్చు అని. ఇప్పుడు కూడా అది రాలేదు. లోపల ఎప్పటిలాగే చప్పుడు లేదు. కానీ కాళ్లు కదిలాయి. ఏడవకుండానే కదలొచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎవాల్డ్‌ను దాటుకుని వెళ్లి, పిల్లను చంకలు పట్టుకుని పీట మీంచి దించింది.

"ఏంటది? ఇప్పుడే పట్టు దొరికింది!"

"దీన్ని వద్దు."

"ఏం, అలిసిపోయిందా? కాసేపు ఆగుదాం."

"ఇవ్వాళ కాదు. ఎప్పుడూ వద్దు."

ఎవాల్డ్‌కు కోపం కన్నా ముందు ఆశ్చర్యం వచ్చింది. మట్టి అంటిన చేతులు గాల్లోనే ఉండిపోయాయి. "యజమానికి మాటిచ్చాను హుల్డా."

"అయితే నీ ముఖం చేసుకో. గోడకి అద్దం ఉంది."

"పిచ్చెక్కింది దీనికి," అని ఆల్వీనా లేచింది. "పోయిన పిల్లకి ఒక కన్నీటిబొట్టు రాల్చలేదు, ఉన్నపిల్ల మీద ఎక్కడలేని ప్రేమ కారిపోతోంది! నా కొడుకు పైకొస్తుంటే చూడలేక కాదూ?"

హుల్డా పిల్ల గౌనుకు పెట్టిన సూదులు ఒక్కొక్కటే తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. ఫ్రీడా బుగ్గలు రెండు చేతులతో రుద్దుకుంటూ, "అమ్మా, ఇంక నవ్వక్కర్లేదా?" అని అడిగింది.

"అక్కర్లేదు."

మర్నాడు పొద్దున ఎవాల్డ్ పనికి వెళ్లాక ఆమె పిల్ల బట్టలూ తన బట్టలూ ఒక మూట కట్టింది. రంగుల గదికి వెళ్లే దారి వదిలేసి స్టేషన్ దారి పట్టింది. మలుపులో సెల్మా ఎదురైంది.

"ఇటెక్కడికి?"

"లౌషాకి. మా అక్క దగ్గరికి."

"ఎప్పుడొస్తావు?"

"తెలీదు."

సెల్మా మూట వంక చూసింది, పిల్ల వంక చూసింది. మధ్యాహ్నానికి తెచ్చుకున్న రొట్టె తీసి ఫ్రీడా చేతిలో పెట్టి గబగబా వెళ్లిపోయింది.

అక్క ఒట్టీలియె గాజు ఊదేవాడి విధవ. మొగుడు పోయాక క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే గాజు గుండ్లకు లోపల వెండి పూత పూస్తూ బతుకుతోంది. వంటిల్లంతా దండేలకు గుండ్లే. చెల్లెలు చెప్పిందంతా పని ఆపకుండానే విని, చివర్లో ఒకటే అడిగింది.

"ఏడ్చావా?"

"లేదు. రావడం లేదక్కా."

"రాకపోతే పోనీ. చేతులు కడుక్కురా, తిందాం. ఆ గది చలిగా ఉంటుంది, దుప్పటి ఇంకోటిస్తాను."

హుల్డా అక్కతో పాటు వెండి పూసింది. అక్క తనకొచ్చిన దాంట్లో సగం ఆమె ముందు పెట్టేది. మొదటి వారాల్లో ఏమీ మారలేదు. తలుచుకుంటే ముప్పయ్యొకటే వచ్చేది. తర్వాత ఒక పొద్దున, ఎవరూ ఏమీ చెయ్యకుండానే, ఎల్సీ రొట్టె అంచు కొరుకుతూ కనిపించింది. ముందు పళ్లు లేవు కాబట్టి పక్క పళ్లతో, తల వంచి, ముఖమంతా వంకర చేసుకుని, ఒక కన్ను మూసి. ఎర్రటి ముఖం. ఎంత అందవిహీనంగా, ఎంత ఆకలిగా! ఊపిరి తీస్తే పోతుందేమోనని హుల్డా చేతిలో గుండుతో అలాగే కూర్చుంది. కొంచెంసేపు ఉండి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. నాలుగు రోజులాగి మళ్లీ వచ్చింది, ఈసారి నిద్రలో నోరు తెరుచుకుని.

ఎవాల్డ్ వచ్చింది సెప్టెంబరు చివర్లో, ఒక ఆదివారం. నల్లకోటు వేసుకున్నాడు. బాగా చిక్కిపోయాడు. చంకలో అట్టపెట్టె ఉంది. ఒట్టీలియె తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా, చెల్లెల్ని పిలిచి పక్కకు తప్పుకుంది. ఫ్రీడా పరుగెత్తి నాన్న కాళ్లు చుట్టేసుకుంది. అతను వంగి పిల్ల తల నిమిరాడు, చాలాసేపు.

"ఇంటికి రా," అన్నాడు. "అమ్మ ఒక్కతే చేసుకోలేకపోతోంది. ఊళ్లో ముఖం ఎత్తుకోలేకపోతున్నాను."

హుల్డా గుమ్మంలోనే నిలబడింది.

"పిల్ల మీద హక్కు నాది, తెలుసా? కోర్టుకెళ్తే ఒక్క పూటలో నా చేతిలో పెడతారు."

"తెలుసు."

అతను కోర్టుకు వెళ్లలేదు. సంగతి వీధికెక్కితే బొమ్మ పేరు చెడుతుందని యజమాని వద్దన్నాడని తర్వాత సెల్మా చెప్పింది. నవ్వే పిల్లకు మేస్త్రీ మేనకోడలు దొరికింది, ఎవాల్డ్‌కు పైగది కూడా వచ్చింది. కానీ ఇవేవీ తెలియకముందు, ఆ ఆదివారం ఆ గుమ్మంలో, కోర్టు అన్న మాట అని అతనే తల దించుకున్నాడు.

"నాకు మాత్రం బాధ లేదనుకున్నావా? నేను ఏడ్చాను హుల్డా. నువ్వు గోడవైపు తిరిగి పడుకుంటే నేను ఒక్కణ్నే ఏడ్చాను. నాకు చేతనైంది ఇదొక్కటే, చేశాను."

అట్టపెట్టె తెరిచాడు. అలిగిన పిల్ల, తెల్లటి లేసు గౌనులో, నిజమైన జుట్టుతో. ఎవాల్డ్ బొటనవేలు తనకు తెలియకుండానే దాని చెంపను రాసింది. అతని మీద జాలి కలిగింది హుల్డాకు. చాలా నెలల తర్వాత ఆమెకు ఏదో ఒకటి కలగడం అదే మొదలు.

"ఇది నీకే. యజమానిని అడిగి తెచ్చాను. నీ దగ్గరుంచుకో."

ఆమె పెట్టె మూత తీసుకుని, బొమ్మ ముఖం మీద మెల్లగా పెట్టి, మూసి, పెట్టెను అతని చేతుల్లోకి తిరిగి నెట్టింది.

ఎవాల్డ్ ముఖం కందగడ్డయింది. "అంటే? కన్నబిడ్డని మర్చిపోవడానికి వచ్చావా ఇంత దూరం?"

"కాదు ఎవాల్డ్," అంది హుల్డా. "దాన్ని గుర్తు తెచ్చుకోవడానికి వచ్చాను."